ఆరుగురిలో ఒకడు రాకపోతే

(గుంటూరులో జరిగిన మాస్టారి సంస్మరణ సభలో ఆయన పూర్వ విద్యార్థిని, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరైన ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న మాస్టారి అమ్మాయిగారికి, అబ్బాయిగారికి, వెనక కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళకి కూడా నమస్కారం. నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. నలభై అయిదు నిమిషాల పీరియడ్ అలవాటు. బెల్లు కొడితే తప్ప ఆపను. బాబూ, ఆ చివర కూర్చున్న మీరే, కొంచెం గడియారం చూసి చెయ్యెత్తండి. నేను చూసుకుంటాను. చూసినా ఆపకపోతే అది వేరే విషయం.

మాస్టారు ఎక్కడ పుట్టారు, ఏ ఊళ్ళలో పనిచేశారు, ఎవరెవరు సన్మానాలు చేశారు, అవన్నీ నా ముందు మాట్లాడినవాళ్ళు చెప్పారు. అవి మళ్ళీ చెప్పను. నేను ఒక లెక్క చెప్తాను. అవునండీ, లెక్కే. మాస్టారి దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఆఁ, చూశారా, సగం హాలు. మీకందరికీ ఈ లెక్క వచ్చు. రాకపోతే మీరు ఆయన దగ్గర చదవలేదనే.

"ఒక ఇనప చట్రం బరువు 570 పౌన్లు. దాన్ని ఆరుగురు మోస్తారు. ఒక్కొక్కరి మీద ఎంత పడుద్ది?"

ఎంత? తొంభై అయిదు. బాగుంది, ఇంకా మర్చిపోలేదు. వెంటనే రెండో ప్రశ్న. "ఆరుగురిలో ఒకడు రాలేదు. ఇప్పుడెంత?" నూట పద్నాలుగు. మూడోది. "రానివాడు మిగతావాళ్ళలో ఒక్కొక్కడి నెత్తిన ఎంత పెట్టాడు?" పంతొమ్మిది. ఈ మూడోదే ఆయనకి కావాల్సింది. మొదటి రెండూ తప్పు చేసినా ఊరుకునేవారు. మూడోది తప్పితే మాత్రం బోర్డు దగ్గరికి పిలిచేవారు.

దీనికి తోక ఒకటి ఉండేది. చట్రం పొడుగు 10 అడుగులు, వంతెన పొడుగు 1,154 అడుగులు, ఒక వరసకి ఎన్ని చట్రాలు కావాలి? మేమందరం భాగించి 115.4 అని రాసేవాళ్ళం. లెక్క ప్రకారం అది కరెక్టేగా? మాస్టారు పలక చూసి, "మిగతా నాలుగడుగులూ గాల్లో నడుస్తావా?" అనేవారు. 116 రాయాలి. నాకు ఇప్పటికీ బస్సులో సీట్లు లెక్కపెట్టినా, పెళ్ళిలో విస్తళ్ళు లెక్కపెట్టినా ఆ నాలుగడుగులే గుర్తొస్తాయి.

అప్పటికి కిలోలు వచ్చేశాయి. కొట్లో రాళ్ళు కూడా మారిపోయాయి. మాలో ఒక తెలివైనవాడు ఉండేవాడు, వాడు ఇవాళ ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పనులే. వాడు లేచి, "మాస్టారూ, పౌన్లు ఎందుకండీ, కిలోల్లో ఇవ్వకూడదా?" అన్నాడు. మాస్టారు కాసేపు వాడివంక చూసి, "ఆ బరువుకి కిలోలు తెలీవురా, కూర్చో" అన్నారు. మేం నవ్వాం. మాకేం తెలుసు? లెక్కల పుస్తకంలో మామిడిపళ్ళు ఉన్నట్టే ఇనప చట్రం కూడా ఉందనుకున్నాం. ఏ పుస్తకంలో ఉందో ఎవరూ వెతకలేదు.

దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు కూర్చోవటం గురించి చెప్పాలి.

మా ఊరి హైస్కూల్లో మాస్టారు చేరకముందు ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఎవరూ చెప్పక్కర్లేకుండా జరిగిపోయేది. మోతుబరుల పిల్లలు ముందు, మిగతావాళ్ళు వాళ్ళ వెనక, అప్పట్లో హరిజనవాడ అనేవాళ్ళు, అక్కడినుంచి వచ్చే పిల్లలు గోడ దగ్గర. ఏ కాగితం మీదా రాసి లేదు. మాస్టారు వచ్చిన మొదటి రోజు అందరినీ బయటికి తీసుకెళ్ళి, చెట్టు కింద ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. అదే వరసలో లోపలికి నడిపించి, అదే వరసలో కూర్చోబెట్టారు. ఆడపిల్లలం ముగ్గురం ఉండేవాళ్ళం, మాకు ఒక బెంచీ వేరే. అది కూడా ఎత్తు ప్రకారమే.

మర్నాడు ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వచ్చి, ఏమన్నారో ఊహించగలరు. మాస్టారు వాదన పెట్టుకోలేదు. అంబేద్కర్ పేరెత్తలేదు, గాంధీగారి పేరెత్తలేదు. "పటాలంలో మాకు ఇట్లాగే నేర్పారండీ, నాకు ఇంకో పద్ధతి రాదు" అన్నారు. అంతే. వాళ్ళకి ఏం చెప్పాలో తోచలేదు. పటాలం నుంచి వచ్చినవాడితో ఎవరు పెట్టుకుంటారు? పైగా "మీ అబ్బాయి ఇంకో రెండంగుళాలు పెరిగితే వెనక్కి వెళ్తాడు, కంగారు పడకండి" అన్నారట. ఇందాక ఒక మిత్రుడు మాస్టారిని సంఘ సంస్కర్త అన్నారు. ఆ మాట వింటే ఆయన ఊరుకునేవారు కాదు. ఆయన సంస్కరణ ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఎత్తు కొలిచారు.

ఇంకో సవరణ కూడా. మాస్టారు పిల్లల్ని కొట్టేవారు కాదని ఇందాక ఒకరన్నారు. అయ్యా, నా చేతిమీద స్కేలు విరిగింది. చెక్క స్కేలు. తర్వాత ఆయనే రెండణాలు పెట్టి కొత్తది కొనుక్కున్నారు, అది వేరే సంగతి. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు, నిజమే, కానీ నిజం చెప్పకపోతే ఆయన లేచి "తప్పు, మళ్ళీ చెయ్యి" అంటారేమోనని నాకు భయం.

సరే, మిరపకోతలు. గుంటూరు జిల్లా వాళ్ళకి నేను మిరపకోతల గురించి చెప్పక్కర్లేదు. సంక్రాంతి దాటిందంటే బడి సగం ఖాళీ. తల్లి ఒక సాలు, కూతురు ఒక సాలు. కోసినదాన్ని కల్లంలో ఆరబోయాలి, తిరగబెట్టాలి, తాలుకాయ ఏరాలి. ఆ పని పిల్లల చేతులకి బాగా తెలుసు. సాయంత్రం ఇంటికొస్తే చేతులు మంట. మజ్జిగలో పెట్టినా తగ్గదు. కళ్ళు నలుపుకున్నారంటే ఇక ఆ రాత్రి నిద్ర లేదు. ఇవాళ మన మిర్చి యార్డు ఆసియాలో అతి పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. ఆ టిక్కీల్లో, అదే మిర్చి గోతాల్లో, ఎన్ని అయిదో తరగతులు, ఎన్ని ఎనిమిదో తరగతులు కుట్టి పంపించామో ఎవరైనా లెక్క వేశారా?

మాస్టారు ఏం చేసేవారంటే, ముందు రిజిస్టరు చెప్తాను. మామూలుగా హాజరు పిలిస్తే ఏమంటాం? "ప్రెజెంట్ సార్" అంటాం. మాస్టారి దగ్గర అట్లా కుదరదు. "ఉన్నానండి" అనాలి. ఎందుకో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. రోల్ నంబరు పిలుస్తారు, ఉన్నానండి అంటాం. ఎవరూ పలకకపోతే వెంటనే తర్వాతి నంబరుకి వెళ్ళరు. ఆగుతారు. తలెత్తి ఆ ఖాళీ చోటు చూస్తారు. మళ్ళీ పిలుస్తారు. మళ్ళీ ఆగుతారు. మూడోసారి పిలిచి, అప్పుడు కలం కింద పెడతారు. ఆబ్సెంటు వెయ్యరు. ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. సాయంత్రం బడి అయ్యాక సైకిలు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళి, ఎందుకు రాలేదో కళ్ళారా చూసి వచ్చి, అప్పుడు నింపుతారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి ఒకాయన ఆ ఖాళీ గడులు చూసి మెమో ఇచ్చాడు. మాస్టారు దానికి జవాబు రాసి, మర్నాడు కూడా గడి ఖాళీగానే వదిలారు.

కోతలప్పుడు ఒక్క రోజులో ఇరవై గడులు ఖాళీ. ఇరవై ఇళ్ళకి ఎక్కడ తిరుగుతారు? అందుకని ఆయనే కల్లానికి వచ్చేశారు. నిజంగానండీ. సాయంత్రం కూలీ లెక్క చూసుకునే వేళకి కల్లం గట్టున లాంతరు పెట్టి, ఎవరైతే బడికి రాలేదో వాళ్ళకి అక్కడే లెక్కలు చెప్పేవారు. ఆ ఘాటుకి చెప్పేవాళ్ళకీ తుమ్ములు, వినేవాళ్ళకీ తుమ్ములు. "నూట పద్నాలుగు" అని నోరు తెరిస్తే హాచ్ అని వచ్చేది. రైతు ఒకాయన, "ఏందయ్యా మాస్టారూ, నా కాయ మీద మీ పాఠమేంది?" అన్నాడట. "మీ కాయ రేటు ఎంతో పిల్లలు లెక్కగట్టి చెప్తారు, వినండి" అన్నారు. ఆ సంవత్సరం ఆ రైతు దళారి చేసిన తూకం తప్పు పట్టుకున్నాడు. పట్టుకున్నది రైతు కాదు, కూలికొచ్చిన పదమూడేళ్ళ పిల్ల. ఆ పిల్లే నా పక్కన కూర్చునేది. ఇరవై నాలుగో నంబరు. నేను ఇరవై మూడు.

ఆ పిల్ల గురించి చెప్పటానికే నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

1966 అండీ. ఫిబ్రవరో, మార్చో. ఇరవై నాలుగు రాలేదు. మాస్టారు మూడుసార్లు పిలిచారు, గడి వదిలారు, సాయంత్రం వెళ్ళారు. పెళ్ళి కుదిరింది. పల్నాడు వైపు సంబంధం. వాళ్ళ నాన్న మాస్టారికి మంచం వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చాలా మర్యాదగా చెప్పాడు. మాస్టారు చట్టం చెప్పారు. ఆడపిల్లకి పదిహేను నిండాలి, ఈ పిల్లకి పదమూడు. "చట్టం మీ బడిలో ఉంచుకోండి మాస్టారూ, పిల్ల మా ఇంట్లో ఉంది" అన్నాడాయన. రెండోసారి వెళ్ళారు. మజ్జిగ ఇచ్చారు, మంచం వెయ్యలేదు. మూడోసారి తలుపు తియ్యలేదు.

పెళ్ళయిపోయింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరికీ తెలుసు, మాస్టారికీ తెలుసు. మర్నాడు హాజరు. ఇరవై మూడు. ఉన్నానండి. ఇరవై నాలుగు. మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. మళ్ళీ, ఇరవై నాలుగు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి, ఇరవై నాలుగు. కలం కింద పెట్టారు. ఆ మర్నాడూ అంతే. ఆ పై మర్నాడూ అంతే. పరీక్షలయ్యేదాకా, రోజూ. మొదటి వారం నవ్వాం. తర్వాత నవ్వటం ఆగిపోయింది. పక్కన కూర్చునేదాన్ని నేను కదా, ఆ మూడు పిలుపులూ నా చెవి పక్కనించే వెళ్ళేవి. నాకైతే మూడోసారి నేనే "ఉన్నానండి" అనేసి ఆపేద్దామనిపించేది. ఒకరోజు అన్నాను కూడా. ఇందాక స్కేలు విరిగిందన్నాను చూడండి, అది ఆ రోజే.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. ఆయన పటాలానికి ఎట్లా వెళ్ళారు?

మాస్టారిది పెదనందిపాడు ఫిర్కా. చరిత్ర చదివినవాళ్ళకి ఆ పేరు చాలు. 1922లో పన్నుల నిరాకరణ జరిగింది అక్కడే. పర్వతనేని వీరయ్య చౌదరిగారు నాయకత్వం, శాంతిసేన, గ్రామాధికారులు ఉద్యోగాలు వదిలేసుకోవటం, సామాను జప్తుకి వచ్చినవాళ్ళకి ఊళ్ళో సహాయం చేసే మనిషి దొరక్కపోవటం. మాస్టారి నాన్నగారు ఆ శాంతిసేనలో కుర్రవాడు. చచ్చేదాకా ఖద్దరే కట్టాడు. అట్లాంటి ఇంట్లో 1926లో ఈయన పుట్టారు. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. ఇవాళ తెనాలి రణరంగ చౌక్‌లో ఆ స్తూపాలు చూస్తూనే పోతాం. మాస్టారికి అప్పుడు పదహారేళ్ళు. సరిగ్గా పది నెలలకి, 1943 జూన్‌లో, ఆయన వెళ్ళి పద్దెనిమిదేళ్ళని అబద్ధం చెప్పి ఇంగ్లీషువాడి సైన్యంలో చేరారు.

ఎందుకు చేరారు? నేను అడిగాను. "దేశభక్తీ కాదు, రాజభక్తీ కాదమ్మా. అన్నం" అన్నారు. బర్మా జపానువాళ్ళ చేతికి పోయింది, అక్కడి బియ్యం రావటం ఆగిపోయింది, ధరలు మండిపోయాయి. ఇంట్లో ఏడుగురు. ఒకడు వెళ్తే ఒక కంచం తగ్గుతుంది, పైగా మనియార్డరు వస్తుంది. చూశారా, అక్కడ కూడా లెక్కే. నేను సోషల్ చెప్పిన టీచర్ని. ఆ యుద్ధంలో మన దేశం నుంచి పాతిక లక్షల మంది సైన్యంలో పనిచేశారు, ఎవరూ బలవంతం చెయ్యకుండా చేరినవాళ్ళు. క్లాసులో దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి స్వాతంత్ర్యోద్యమానికి వెళ్ళిపోయేదాన్ని. ఆ పాతిక లక్షల్లో ఎంతమంది కంచాల లెక్క వేసుకుని వెళ్ళారో నాకూ తట్టలేదు.

నాన్నగారు మాత్రం, "తెనాలిలో మనవాళ్ళని కాల్చిన తుపాకీ నువ్వు పట్టుకుంటావా?" అన్నారు. అదే ఆఖరి మాట. 1946లో ట్రంకుపెట్టె పట్టుకుని ఇంటికొస్తే, కొడుకుతో మాట్లాడలేదు. భార్యతో, "వచ్చినవాడికి అన్నం పెట్టు" అన్నారట. ఒకే ఇంట్లో మూడేళ్ళు అట్లాగే. ట్రైనింగు అయ్యి, 1949లో బోర్డు స్కూల్లో చేరాక, ఒకరోజు నాన్నగారు బడి కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూసి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అన్నం తింటూ, "ముందు వరసలో కూర్చున్నాడే, ఆ బక్కపిల్లాడు, ఎవరబ్బాయి?" అన్నారు. ఆరేళ్ళ తర్వాత మొదటి మాట. హరిజనవాడ నుంచి వస్తాడని మాస్టారు చెప్పారు. "మంచిది" అన్నారు నాన్నగారు. అక్కడితో సరి. ఇంకేం రాజీ పత్రాలు రాసుకోలేదు.

మాట్లాడకపోవటం ఆ ఇంట్లో పిత్రార్జితం. మాస్టారి అబ్బాయిగారు ఇక్కడే ఉన్నారు, ఆయన్ని అడిగే చెప్తున్నాను. ఆయన పదో తరగతిలో రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే, పీరియడంతా ఎండలో నిలబెట్టారు నాన్న. ఊరంతా చూసేట్టు. అబ్బాయిగారు ఏడాది పాటు నాన్నతో మాట్లాడలేదు. ఊరి పిల్లల కోసం సైకిలు మీద తిరిగే మనిషి, ఇంట్లో ఉన్న పిల్లవాడి మంచం దాకా నడవలేకపోయాడు. నేను మాస్టారితో ఒకసారి ఈ మాట అనేశాను కూడా. ఆయన కోప్పడలేదు. "అక్కడ లెక్క తప్పానమ్మా" అన్నారు.

సర్వీసు గురించి రెండే రెండు మాటలు. ప్రైవేటుగా బి.ఏ. కట్టారు, తర్వాత బి.ఇడి., హెడ్మాస్టరయ్యారు. అవన్నీ ఆహ్వానపత్రికలో ఉన్నాయి. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. నాకప్పుడు కొత్తగా ఉద్యోగం. మాస్టారు మా ఇంటికొచ్చి, "నీ దగ్గర రాయని నోటుపుస్తకాలు ఎన్ని ఉన్నాయి?" అన్నారు. ఆరు ఇచ్చాను. అవి తీసుకుని ఇద్దరు టీచర్లతో కలిసి దివిసీమ వెళ్ళారు. అక్కడ బియ్యం పంచేవాళ్ళున్నారు, శవాలు తీసేవాళ్ళున్నారు. ఈయన ఇంటింటి పునాది దగ్గరికీ వెళ్ళి, ఇళ్ళు లేవు కదండీ, పునాదులే, ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్ళు, ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, పేర్లు రాసుకున్నారు. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేల మంది అని చెప్తారు. పదివేలు అనటం తేలిక. ఆయన పదకొండు రోజులు రాస్తే ఆరు పుస్తకాలు అయిపోయాయి, ఊళ్ళు అయిపోలేదు. పుస్తకాలు అక్కడి అధికారులకి ఇచ్చేసి వచ్చారు. వచ్చాక ఒక్కటే అడిగారు. "చేతులకి బ్లీచింగ్ వాసన పోవాలంటే ఏం చెయ్యాలమ్మా?"

1983లో రిటైర్మెంటు. రిటైర్మెంటు వయసు ప్రభుత్వం యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకి తగ్గించిన సంవత్సరం గుర్తుందా? ఫిబ్రవరిలో ఒక్కసారిగా వేలమంది ఇళ్ళకి వెళ్ళిపోయారు. మాస్టారికి యాభై ఆరున్నర. పబ్లిక్ పరీక్షల ముందు, పదో తరగతి సిలబస్ సగంలో. సన్మానం వద్దన్నారు. "రెండేళ్ళు కలిపి ఉద్యోగంలో చేరా, ఏడాదిన్నర తీసేసి పంపారు, ఇంకా ఆర్నెల్లు నేనే బాకీ" అన్నారు. మర్నాడు పొద్దున్నే మామూలుగా సైకిలు తీసుకుని బడికి వెళ్ళి, పరీక్షలయ్యేదాకా జీతం లేకుండా పాఠాలు చెప్పారు. రిజిస్టరు మాత్రం ముట్టుకోలేదు. అది ఇక తన పని కాదన్నారు.

చెయ్యెత్తారా? ఎత్తారు. చూశానండీ. ఇంకొక్క అయిదు నిమిషాలు.

2004. నేను హెడ్మిస్ట్రెస్‌ని. మళ్ళీ మిరపకోతలే. ఎనిమిదో తరగతిలో పద్నాలుగు మంది రావటం లేదు. ఏం చెయ్యాలో తోచక మాస్టారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చున్నాం. "ఒక ఇంటికి ఎన్నిసార్లు తిరగాలి మాస్టారూ? ఎక్కడ ఆపాలి?" అన్నాను. "మూడుసార్లు" అన్నారు. "మూడే ఎందుకు?" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి అడగాలనుకున్న ప్రశ్న అది.

ఆయన లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చారు. సుద్దముక్కల డబ్బా. అందులో కంచు నక్షత్రం ఒకటి, బర్మా స్టార్ అంటారు. అది చూపించటానికి కాదు, దాని కిందున్న కాగితం కోసం. కాగితం మీద ఆరు పేర్లు, తెలుగులో. మొదటిది ఆయనది.

"చింద్విన్ అని బర్మాలో పెద్ద నది. 1944 డిసెంబరు. కలేవా అనే చోట వంతెన కట్టాం. 1,154 అడుగులు" అన్నారు.

నేను చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. అప్పటికి ప్రపంచంలో అంత పొడుగు బెయిలీ వంతెన లేదండీ. బెయిలీ వంతెన అంటే ఇనప చట్రాలు ఒకదానికొకటి పిన్నులతో తగిలించుకుంటూ పోవటం. ఒక్కో చట్రం పది అడుగులు, 570 పౌన్లు, ఆరుగురు మోస్తారు. మేం పలకల మీద ఏళ్ళ తరబడి కట్టింది ఆ వంతెనే. మాస్టారు మద్రాసు సాపర్లలో, అంటే వంతెనలూ రోడ్లూ కట్టే పటాలంలో, ఉండేవారు, బెంగుళూరులో ట్రైనింగు. అన్ని కులాలవాళ్ళూ కలిసి ఒకే లంగరులో, అంటే పటాలం వంటశాలలో, తినటం తను మొదట చూసింది అక్కడేనన్నారు.

ఆ ఆరుగురిలో ఒక కుర్రవాడికి చదువు రాదు. వాళ్ళమ్మకి ఉత్తరాలు మాస్టారే రాసిపెట్టేవారు. అట్లా మొదలైంది పంతులుతనం అన్నారు. ఆ కుర్రవాడు ఒక సాయంత్రం తెప్ప మీదనుంచి నీళ్ళలో పడ్డాడు. చీకటి, పైగా ప్రవాహం. రాత్రి రోల్ కాల్. హవల్దారు పేరు పిలిచాడు. పలకలేదు. పడ్డాడని హవల్దారుకి తెలుసు, చూసినవాడే. అయినా రెండోసారి పిలిచాడు. ఆగాడు. మూడోసారి పిలిచాడు. ఆ తర్వాతే కాగితం మీద రాసుకున్నాడు.

"మర్నాడు పొద్దున చట్రం ఎత్తాలి. ఆరోవాడిని ఇచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా అయిదుగురమే ఎత్తాం" అన్నారు. కుడి భుజం మీద చెయ్యి వేసుకుని, ఇదిగో ఇక్కడ, "పంతొమ్మిది పౌన్లు" అన్నారు.

ముందురోజు రాసిన ఉత్తరం ఇంకా ఆయన జేబులోనే ఉంది. మూడు రోజులు ఆలోచించి పోస్టు చేశారట. "నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టిన ఉత్తరం. చేసింది తప్పో ఒప్పో తెలీదన్నారు. నాకూ తెలీదండీ.

నేను ఆ పద్నాలుగు ఇళ్ళకీ మూడేసిసార్లు తిరిగాను. తొమ్మిది మంది వచ్చారు.

చివరిసారి మాస్టారిని చూసింది పోయిన వేసవిలో, ఇక్కడే అరండల్‌పేటలో, వాళ్ళ అమ్మాయిగారింట్లో. తొంభై ఏడేళ్ళు. మనుషుల్ని గుర్తుపట్టటం తగ్గిపోయింది. నన్ను చూసి, "కూలీ డబ్బులు ఇచ్చారా?" అన్నారు. ఇచ్చారండీ అన్నాను. కాసేపు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో, లేద్దామనుకుంటుంటే మొదలుపెట్టారు. ఒకటి. రెండు. మూడు. ఒక్కో నంబరుకీ మధ్య కొంచెం ఆగుతున్నారు. అమ్మాయిగారు, "ఈమధ్య రోజూ ఇంతేనమ్మా, ఎవరి లెక్కో తెలీదు" అన్నారు. నాకు తెలుసు. పద్దెనిమిది. పంతొమ్మిది. నాకు పన్నెండేళ్ళప్పటిలాగా గుండె కొట్టుకోవటం మొదలైంది, నవ్వకండి. ఇరవై రెండు. ఇరవై మూడు.

"ఉన్నానండి" అన్నాను.

తల ఊపారు. ఇరవై నాలుగు అన్నారు. ఆగారు. మళ్ళీ, ఇరవై నాలుగు. ఆవిడ ఉందండీ, పల్నాడులోనే, మనవలతో. నేను చూసి ఇరవై ఏళ్ళు దాటింది. చెప్దామనుకున్నాను. కానీ ఒకసారి ఆ నంబరుకి పలికి స్కేలు విరగ్గొట్టించుకున్నదాన్ని కదా, నోరు మూసుకుని కూర్చున్నాను. మూడోసారి పిలిచారు. కుడిచేతి వేళ్ళు, కలం పట్టుకున్నట్టుగా ఉన్నవి, దుప్పటి మీద వదులయ్యాయి.

అమ్మాయిగారు మాత్ర తెచ్చి ఇచ్చారు. మింగి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "ఇరవై అయిదు" అన్నారు.

అంతేనండీ. నమస్కారం.